ఎండుమిర్చికి పరీక్షలు: నాలుక నుంచి మాస్ స్పెక్ట్రోమీటర్ దాకా

అద్దంకి, బల్లికురవ, సంతమాగులూరు మండలాల నల్లరేగళ్లలో పండే ఎండుమిర్చికి రెండు పరీక్షలుంటాయి. మొదటిది గుంటూరు మిర్చి యార్డులో జరుగుతుంది. వ్యాపారి టిక్కీ (మిర్చి బస్తా)లోంచి గుప్పెడు కాయలు తీసి రంగు చూస్తాడు. వేళ్ల మధ్య నలిపి తేమ అంచనా కడతాడు. తొడిమ, తాలు, మచ్చ గమనిస్తాడు. కాయ విరిచి గింజ చూస్తాడు. నిమిషం తిరిగేలోగా ధర చెబుతాడు. రెండో పరీక్ష అదే సరుకు ఓడ ఎక్కే ముందు ప్రయోగశాలలో జరుగుతుంది. అక్కడ చూపు చాలదు, అంకెలు కావాలి. ఘాటు ఎంత, రంగు ఎంత, బూజు విషం ఎంత, పురుగుమందు అవశేషం ఎంత, పైరంగు కలిసిందా లేదా? ఈ ప్రశ్నలకు జవాబిచ్చే పరికరాలు వందేళ్లకు పైబడిన కాలంలో ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఒక్కొక్క పరికరం వచ్చినప్పుడల్లా మిర్చి మీద కొత్త షరతు ఒకటి పుట్టింది.

మొదట కొలవాలనుకున్నది ఘాటు. కారానికి మూలమైన పదార్థాన్ని బ్రిటిష్ రసాయనవేత్త జాన్ థ్రెష్ 1876లో దాదాపు శుద్ధంగా వేరు చేసి క్యాప్సైసిన్ అని పేరు పెట్టాడు. దాన్ని కొలిచే పద్ధతి మాత్రం 1912 దాకా లేదు. ఆ ఏడాది అమెరికన్ ఫార్మసిస్టు విల్బర్ స్కోవిల్ ఒక దారి కనిపెట్టాడు. మిరపకాయల సారాన్ని ఆల్కహాల్‌లో తీసి, పంచదార నీళ్లు కలుపుతూ పలచన చేస్తూ పోవాలి. దాన్ని రుచి చూసే మనుషులకు మంట తెలియనంత పలచనయ్యే దాకా ఎన్ని రెట్లు నీళ్లు పట్టాయో, అదే ఆ కాయ ఘాటు. నేటికీ మిరప ఘాటును స్కోవిల్ యూనిట్లలోనే చెబుతారు.

ఈ పద్ధతిలో లోపం నాలుకదే. రెండు మూడు నమూనాలు రుచి చూసేసరికి నోరు మొద్దుబారుతుంది. ఒకరికి మంటగా ఉన్నది మరొకరికి సాధారణంగా ఉంటుంది. క్యాప్సైసిన్ నరాల మీద ఎక్కడ పనిచేస్తుందో కూడా చాలాకాలం తెలియలేదు. వేడిని గుర్తించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్నే అది తట్టి లేపుతుందని డేవిడ్ జూలియస్ బృందం 1997లో చూపింది. ఆ పనికి ఆయనకు 2021 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఇప్పుడు ఘాటు కొలిచేది హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం. పొడిలోంచి తీసిన సారాన్ని అది భాగాలుగా విడదీసి, క్యాప్సైసిన్, దాని తోబుట్టువు డైహైడ్రోక్యాప్సైసిన్ ఎంతెంత ఉన్నాయో వేర్వేరుగా చెబుతుంది. ఆ మొత్తాన్ని లెక్కగట్టి స్కోవిల్ యూనిట్లలోకి మారుస్తారు. పది లక్షల భాగాల్లో ఒక భాగం క్యాప్సైసిన్ ఉంటే సుమారు 16 యూనిట్లు. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నంలో క్యాప్సైసిన్ సుమారు 0.226 శాతం. ఆ లెక్కన దాని ఘాటు 36,000 యూనిట్ల చిల్లర. తేజ రకం ఘాటు ఇంతకంటే బాగా ఎక్కువ. కారపు సారం తీసే పరిశ్రమలకు అదే ఇష్టం కావడానికీ, చైనా కొనుగోలుదారులు దాని కోసం గుంటూరు దాకా రావడానికీ కారణం ఆ అంకే.

హెచ్‌పీఎల్‌సీ పనిచేసే సూత్రం పేరు క్రొమటోగ్రఫీ. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో మిఖాయిల్ స్వెట్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త ఆకుల రంగు మీద పరిశోధిస్తూ దీన్ని కనిపెట్టాడు. గాజు గొట్టంలో సున్నపురాయి పొడి కూర్చి, పైనుంచి ఆకు సారం పోసి, తర్వాత ద్రావకం పోశాడు. ఆకుపచ్చగా ఒక్కటిగా కనిపించిన సారం గొట్టంలో దిగుతూ దిగుతూ ఆకుపచ్చ, పసుపు పట్టీలుగా విడిపోయింది. పొడికి గట్టిగా అంటుకునే పదార్థం నెమ్మదిగా దిగుతుంది, అంటుకోనిది తొందరగా దిగుతుంది. ఇంతే సూత్రం. ఆయన బతికి ఉండగా దీన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1919లో ఆయన చనిపోయాడు. 1941లో బ్రిటన్‌కు చెందిన ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ ఈ పద్ధతిని కొత్త పునాది మీద నిలబెట్టారు. 1952లో వాళ్లకు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. 1960ల్లో గొట్టం సన్నబడింది, లోపలి పొడి నలిగి మెత్తబడింది, ద్రావకాన్ని పంపుతో ఒత్తిడి పెట్టి తోయడం మొదలైంది. గంటలు పట్టిన పని నిమిషాల్లోకి వచ్చింది. 2004 తర్వాత మార్కెట్లోకి వచ్చిన యంత్రాల్లో గొట్టం లోపలి రేణువు రెండు మైక్రాన్ల కంటే చిన్నది. రేణువు ఎంత చిన్నదైతే పట్టీలు అంత పదునుగా విడిపోతాయి. ద్రావకాన్ని తోయడానికి అంత ఎక్కువ ఒత్తిడీ కావాలి. అందుకే ఈ రంగంలో ముందడుగు ప్రతిసారీ పంపుల మీద, గొట్టాలను కలిపే అతుకుల మీద కూడా ఆధారపడింది.

ఘాటు తర్వాత ధరను తేల్చేది రంగు. యార్డులో ఎర్రన, ముదురెరుపు, తెల్లబారిన కాయ అని కంటితో చెప్పుకునేదాన్ని ఎగుమతిదారు ఆస్టా అంకెతో చెబుతాడు. ఆస్టా అంటే అమెరికా మసాలా వ్యాపారుల సంఘం. దాని పద్ధతిలో మిర్చి పొడిని అసిటోన్‌లో చీకట్లో 16 గంటలు నానబెడతారు. రంగు ద్రావకంలోకి దిగుతుంది. దాని గుండా 460 నానోమీటర్ల కాంతిని పంపి, ఎంత కాంతి ఆగిపోయిందో స్పెక్ట్రోఫొటోమీటర్‌తో కొలుస్తారు. ఆగిన కాంతి ఎక్కువైతే రంగు ఎక్కువ. గుంటూరు సన్నం రంగు అంకె 30 పైచిలుకు మాత్రమే. కర్ణాటక బ్యాడిగి దీనికి ఎన్నో రెట్లు. ఒకటి ఘాటు కోసం, మరొకటి రంగు కోసం కొనేది ఇందుకే.

ద్రావణం రంగును బట్టి అందులోని పదార్థం ఎంతో చెప్పే ఈ విద్యలో ఒక తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతిని ప్రచురించాడు. మాలిబ్డేట్ కలిపినప్పుడు భాస్వరం ఉన్న ద్రావణం తగిన రసాయనం సాయంతో నీలి రంగుకు తిరుగుతుంది. నీలం ఎంత ముదురైతే భాస్వరం అంత ఎక్కువ. అంతకుముందు ఈ రంగు నిలకడగా వచ్చేది కాదు. ఫిస్కే, సుబ్బారావు ఎంచుకున్న రసాయనంతో అది నమ్మదగినదైంది. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని వాళ్లు కనుక్కోవడానికి ఈ పద్ధతే దారి చూపింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పేరుతో అది జీవరసాయన పాఠ్యపుస్తకాల్లో తరాల పాటు నిలిచింది. మట్టి పరీక్షా కేంద్రాల్లో పొలం మట్టిలోని భాస్వరాన్ని ఇప్పటికీ మాలిబ్డినం నీలంతోనే కొలుస్తున్నారు. సుబ్బారావు కాలంలో రెండు గాజు గొట్టాల రంగును పక్కపక్కన పెట్టి కంటితో పోల్చేవారు. 1941లో అమెరికాకు చెందిన ఆర్నాల్డ్ బెక్‌మన్ సంస్థ తెచ్చిన డీయూ స్పెక్ట్రోఫొటోమీటర్ ఆ పనిని కంటి నుంచి తప్పించి కాంతి ఘటానికి అప్పగించింది. బెక్‌మన్ అంతకుముందు 1934లో చేసిన పీహెచ్ మీటర్ కూడా నిమ్మరసం పులుపు కొలవాలన్న కాలిఫోర్నియా తోటల అవసరం నుంచి పుట్టిందే. పంట అడిగిన ప్రశ్న నుంచి పరికరం పుట్టడం ఈ చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

కాంతి కొలతకు దొరకని మోసం ఒకటి 2003లో బయటపడింది. భారత్ నుంచి వెళ్లిన మిర్చి ఉత్పత్తుల్లో సూడాన్-1 అనే రంగు ఉందని ఫ్రాన్స్ పట్టుకుంది. ఇది నూనెలకు, మైనాలకు, బూటు పాలిష్‌కు వాడే పారిశ్రామిక రంగు, ఆహారంలో నిషిద్ధం. ఆ ఏడాది జూన్‌లోనే ఐరోపా సంఘం ఈ రంగు లేదన్న ధ్రువపత్రం లేనిదే మిర్చిని రానివ్వబోమని నిర్ణయించింది. మన స్పైసెస్ బోర్డు ఎగుమతి మిర్చికి పరీక్ష తప్పనిసరి చేసింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో కలుషితమైన కారం ఒక సాస్‌లో చేరి, ఆ సాస్ ఇతర వంటకాల్లో చేరి, చివరికి 400కు పైగా ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది.

సూడాన్‌ను పట్టడం ఎందుకు కష్టమో తెలుసుకోదగినది. కారంపొడిని గ్లాసు నీళ్లలో వేస్తే ఇటుక పొడి అడుగున చేరుతుంది, నీటిలో కరిగే రంగు చారలుగా దిగుతుంది. ఇంట్లో చేసుకోదగిన పరీక్షే, మంచిదే. సూడాన్ మాత్రం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. మిరపకాయ సహజ ఎరుపు, అంటే క్యాప్సాంథిన్ వంటి కెరొటినాయిడ్లు కూడా నూనెలోనే కరుగుతాయి. రెండూ దాదాపు ఒకే తరంగదైర్ఘ్యాల కాంతిని పీల్చుకుంటాయి. కనుక గ్లాసు నీళ్లు దాన్ని చూపలేవు, ఆస్టా అంకె దాన్ని మంచి రంగుగానే లెక్కేస్తుంది. ముందు క్రొమటోగ్రఫీతో విడదీసి, తర్వాత ఒక్కొక్క పట్టీని గుర్తిస్తే తప్ప దొంగ రంగు దొరకదు. అక్రమం చేసినవారు కొందరే అయినా పరీక్ష ఖర్చు, ఆలస్యం నిజాయతీగా పండించినవారి సరుకు మీదా పడ్డాయి.

బూజు విషం కథ మరింత లోతైనది, ఎందుకంటే ఇందులో ఎవరూ కావాలని కలిపేదేమీ లేదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. మేతలోని బ్రెజిల్ వేరుశనగ పిండిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వదిలిన విషం ఉందని తేలింది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు వచ్చింది. అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరిసే వాటిని బి1, బి2 అనీ, ఆకుపచ్చగా మెరిసే వాటిని జి1, జి2 అనీ విభజించారు. వీటిలో బి1 కాలేయ క్యాన్సర్‌కు కారణం. వంట వేడికి ఇది నశించదు. మిర్చి కల్లంలో ఉండగా వాన కురిసినా, మంచు పడినా, సరిగా ఆరకుండానే కుప్ప పోసినా ఈ బూజుకు కావలసిన వెచ్చదనం, తడి దొరుకుతాయి. కోసినప్పుడు పండుకాయ బరువులో మూడింట రెండు వంతుల పైన నీరే. అది 10, 11 శాతానికి దిగేదాకా గండం తప్పదు. పట్టాల మీద ఆరబోసి, సాయంత్రం కప్పి, తాలుకాయ ఏరివేసే రైతు చేస్తున్నది విషం పుట్టకుండా అడ్డుకోవడమే.

దీన్ని తక్కువ ఖర్చుతో కొలిచే ప్రయత్నం పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థలో జరిగింది. అక్కడి శాస్త్రవేత్తలు ఎలిసా పద్ధతిని అఫ్లటాక్సిన్‌కు మలిచారు. కుందేలు వంటి జంతువు శరీరంలో ఈ విషానికి విరుగుడుగా తయారయ్యే యాంటీబాడీలను తీసి, చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో వాడతారు. నమూనాలో విషం ఎంత ఉందో దాన్ని బట్టి గుంటలో రంగు మారుతుంది. ఒకే పలక మీద పదుల కొద్దీ నమూనాలు ఒకేసారి చూడవచ్చు. ఇక్రిశాట్ బృందం 1998, 1999లలో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రధాన మిర్చి యార్డులు, కోల్డ్ స్టోరేజీల నుంచి 182 నమూనాలు తెచ్చి పరీక్షించింది. వాటిలో 59 శాతంలో బి1 కనిపించింది. అన్నింటికంటే ఎక్కువ మోతాదు, కిలోకు 969 మైక్రోగ్రాములు, దొరికింది మూడో గ్రేడు కాయలో. యార్డులో రంగు చూసి కింది గ్రేడు అని పక్కన పెట్టిన కాయలోనే విషం ఎక్కువగా ఉందని తేలడం గమనించదగ్గది. వ్యాపారి కన్ను ఆ మేరకు నిజమే చెప్పింది. అయితే ఆ కాయ పారబోతకు పోదు. తక్కువ ధరకు అమ్ముడై కారంపొడిలో కలుస్తుంది, పొడి అయ్యాక దాన్ని పోల్చుకోవడం ఎవరి కంటికీ సాధ్యం కాదు.

ఐరోపా మిర్చికి పెట్టిన హద్దు బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, నాలుగూ కలిపి 10. పది మైక్రోగ్రాములంటే ఎంతో ఊహించుకోవాలంటే, 40 కిలోల టిక్కీలు 2,500 ఒకచోట పేర్చి, ఆ మొత్తంలో ఒకే ఒక్క గ్రాము విషం ఉందనుకోవాలి. ఆ గ్రాము జాడ పట్టడానికి ప్రయోగశాలలో ముందుగా సారాన్ని యాంటీబాడీలు నింపిన చిన్న గొట్టం గుండా పోస్తారు. రంగు, నూనె, ఘాటు కిందికి పోతాయి, అఫ్లటాక్సిన్ మాత్రం చిక్కుకుంటుంది. దాన్ని కడిగి తీసి హెచ్‌పీఎల్‌సీకి ఎక్కించి, దాని సహజమైన మెరుపును కొలుస్తారు.

పురుగుమందుల అవశేషాలతో సమస్య మరో రకం. వెతకాల్సినవి నాలుగు పదార్థాలు కావు, వందలు. 2021లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటల మీద కొత్త రకం తామర పురుగు విరుచుకుపడింది. పూత రాలిపోతుంటే చూస్తూ ఊరుకోలేక రైతులు మందు మీద మందు కొట్టారు. ఆకు మీద, కాయ మీద మిగిలిన మందు, కాయ ఎండేకొద్దీ చిక్కబడుతుంది. మూడు నాలుగు కిలోల పండుకాయ ఎండితే కిలో ఎండుమిర్చి. నీరు ఆవిరైపోతుంది, అవశేషంలో చాలా భాగం ఉండిపోతుంది. పచ్చికాయలో హద్దుకు లోపల ఉన్న మందు ఎండుకాయలో హద్దు దాటడం ఇలా జరుగుతుంది.

ఇక్కడ రెండు ఆవిష్కరణలు కలిసొచ్చాయి. ఒకటి నమూనా తయారీలో. 2003లో మైకెలాంజెలో అనస్తాసియాడిస్, స్టీవెన్ లెహోటే బృందం క్వెచర్స్ అనే పద్ధతి ప్రచురించింది. నూరిన నమూనాను చిన్న గొట్టంలో అసిటోనైట్రైల్‌తో కలిపి ఊపాలి, మెగ్నీషియం సల్ఫేట్, ఉప్పు వేసి మళ్లీ ఊపాలి, వేగంగా తిప్పే యంత్రంలో పెట్టాలి. మందులన్నీ పై పొరలోకి వస్తాయి. అంతకుముందు లీటర్ల ద్రావకం, రోజంతా పని పట్టేది. ఇంత సులువైన పద్ధతికి కూడా ఎండుమిర్చి కష్టమైన సరుకే. దాని రంగు, నూనె వెంటబడి వచ్చి యంత్రాన్ని తికమక పెడతాయి. రంగు పీల్చే కర్బన పొడి అదనంగా వేయాలి. ఎక్కువ వేస్తే కొన్ని మందుల్నీ అది మింగేస్తుంది. మిర్చి మీద చేయి తిరిగిన రసాయనవేత్తకూ, కొత్తవారికీ తేడా ఈ దశలోనే బయటపడుతుంది.

రెండోది మాస్ స్పెక్ట్రోమీటర్. అణువులకు విద్యుదావేశం ఇచ్చి వాటి బరువును బట్టి వేరు చేసే ఈ యంత్రాన్ని ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో నిర్మించాడు, 1922లో నోబెల్ అందుకున్నాడు. ద్రవంలో ఉన్న సున్నితమైన అణువులను విరగకుండా ఆవేశపరచడం చాలా దశాబ్దాల పాటు కుదరలేదు. జాన్ ఫెన్ దానికి ఎలక్ట్రోస్ప్రే అనే దారి చూపి 2002 నోబెల్‌లో భాగం పొందాడు. దానితో క్రొమటోగ్రఫీ గొట్టం చివర నేరుగా మాస్ స్పెక్ట్రోమీటర్‌ను తగిలించడం సులువైంది. నేటి ప్రయోగశాలల్లో కనిపించేది మూడు వడపోతల యంత్రం. మొదటి వడపోత ఒక బరువున్న అణువునే లోపలికి రానిస్తుంది. నడిమి గదిలో ఆ అణువు వాయువును ఢీకొని ముక్కలవుతుంది. మూడోది ఒక ముక్కనే బయటికి పంపుతుంది. ఇమిడాక్లోప్రిడ్ అయితే 256 బరువుతో వచ్చి 175 ముక్కను ఇస్తుంది. గొట్టంలోంచి రావాల్సిన నిమిషానికి వచ్చి, ఆ బరువుండి, ఆ ముక్కలనే ఇస్తే అది ఇమిడాక్లోప్రిడ్ అని చెప్పడంలో సందేహం ఉండదు. ఇలా వందల మందులను ఒకే పరుగులో చూడవచ్చు. 2005లో మార్కెట్లోకి వచ్చిన ఆర్బిట్రాప్ వంటి యంత్రాలు బరువును దశాంశం తర్వాత నాలుగో స్థానం దాకా కొలుస్తాయి. ఆ రికార్డు దాచిపెడితే, ఇవాళ ఎవరూ వెతకని పదార్థాన్ని రేపు అందులో వెతకవచ్చు.

2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్‌లు కొన్ని భారతీయ మసాలాల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని ప్రకటించాక దాని పరీక్ష మీద కూడా దృష్టి పెరిగింది. ఇది సూక్ష్మజీవులను చంపడానికి వాడే వాయువు కాబట్టి గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొలుస్తారు.

యంత్రం ఎంత గొప్పదైనా దానికి అందేది కొన్ని గ్రాముల పొడి. అఫ్లటాక్సిన్ సరుకంతటా సమంగా పరుచుకుని ఉండదు. వేల కాయల్లో ఏ కొన్నింటిలోనో కుప్పగా ఉంటుంది. ఆ కాయ నమూనాలో పడితే లాటంతా చెడ్డది, పడకపోతే లాటంతా మంచిది. ఫలితంలో వచ్చే తప్పులో అత్యధిక భాగం యంత్రానిది కాదు, నమూనా తీయడానిది. అందుకే బస్తాల పైపైన కాకుండా లాట్‌లో చాలాచోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి, కిలోల కొద్దీ పోగు చేసి, అంతా కలిపి నూరి, అందులోంచి పరీక్షకు తీసుకోవాలి. ఈ పనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, ఓపిక కావాలి. మిర్చి పరీక్షల్లో తరచూ నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే.

ఇప్పటి పరిశోధన యంత్రాన్ని సరుకు దగ్గరికి తేవడం మీద సాగుతోంది. అమెరికా వ్యవసాయ శాఖలో కార్ల్ నోరిస్ 1960ల్లో ధాన్యం తేమ కోసం అభివృద్ధి చేసిన పరారుణ కాంతి పద్ధతి ఇప్పుడు చేతిలో పట్టే పరికరంగా వచ్చింది. కాయను నూరకుండానే తేమ, కొంతవరకు ఘాటు, రంగు అంచనా వేస్తుంది. రెండోది, పదార్థం మీద పడి చెదిరే కాంతి రంగులో వచ్చే మార్పును బట్టి దాన్ని గుర్తించే రామన్ పద్ధతి. 1928లో కలకత్తాలో దానికి ఆధారమైన ప్రభావాన్ని కనుగొన్న సి.వి. రామన్ బాల్యం, పాఠశాల చదువు విశాఖపట్నంలో గడిచాయి. ఆయన శిష్యుడు సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ అధ్యయనాన్ని ముందుకు తీసుకెళ్లి, కాంతి పరిక్షేపణం మీద 1940లో ప్రామాణిక గ్రంథం వెలువరించాడు. అప్పట్లో ఒక్క వర్ణపటం ఫొటో ప్లేటు మీద పడటానికి గంటలు పట్టేది. ఇప్పుడు లేజర్ ఉన్న చిన్న పరికరం సెకన్లలో తీస్తుంది, కారంపొడిలో సూడాన్ గుర్తును పట్టగలుగుతోంది. మిర్చి సహజ వర్ణకాల మెరుపు అడ్డొస్తుంది కనుక కల్తీ మరీ తక్కువైతే కష్టం.

కిలోకు పది మైక్రోగ్రాముల విషాన్ని నేరుగా చూపే శక్తి ఈ రెండు పద్ధతులకూ లేదు. దానికి యార్డు స్థాయిలో పనికొచ్చేది యాంటీబాడీ పూసిన కాగితపు పట్టీ. నూరిన నమూనా సారంలో ముంచితే కొన్ని నిమిషాల్లో గీత కనిపిస్తుంది లేదా మాయమవుతుంది. గీత ముదురును చిన్న రీడర్‌తో చదివి అంకెగా మార్చవచ్చు. అనుమానం వచ్చిన లాట్‌ను పక్కన పెట్టడానికి అది చాలు. ఆ లాట్ ఎగుమతికి పనికొస్తుందో లేదో తేల్చే తుది ఫలితం మాత్రం హెచ్‌పీఎల్‌సీ నుంచో మాస్ స్పెక్ట్రోమీటర్ నుంచో రావాలి.